పడుకునేవాడు ముందు చెప్పి పడుకోవాలి: కెర్నెల్‌లో నిద్ర, మేలుకొలుపు

ప్రోగ్రామ్ ఆగిపోయింది. క్రాష్ కాలేదు, ఎర్రర్ రాలేదు, సీపీయూ వాడకం సున్నా. లాగ్‌లో చివరి లైను కూడా రోజూ ఉండేలాగే ఉంది. సంగతేంటో చూద్దామని ప్రోగ్రామ్ లోపల ఏం చేస్తోందో చూపించే స్ట్రేస్ అనే పనిముట్టు తగిలించగానే, ఏమీ ఎరగనట్టు లేచి పని మొదలుపెట్టింది. డాక్టరు గుమ్మంలో అడుగు పెట్టగానే జ్వరం తగ్గిపోయినట్టు.

ఇలాంటి జబ్బుకు కెర్నెల్ (ఆపరేటింగ్ సిస్టమ్ నడిమి భాగం) రాసేవాళ్లు పెట్టుకున్న పేరు లాస్ట్ వేకప్, అంటే దారి తప్పిన మేలుకొలుపు. ఒక థ్రెడ్ (ప్రోగ్రామ్‌లో విడిగా నడిచే ఒక పని వరస) ఏదో జరిగేదాకా ఆగుదామని నిద్రపోతుంది. ఆ జరగాల్సింది జరిపించిన థ్రెడ్ దాన్ని లేపాలి. లేపింది కూడా. కాకపోతే అవతలిది పడుకోకముందే లేపేసి వెళ్లిపోయింది.

రాత్రి బస్సులో హైదరాబాద్ నుంచి విజయవాడ వైపు వెళ్తున్నారు, మీరు సూర్యాపేటలో దిగాలి అనుకోండి. కిటికీలోంచి చూశారు, ఇంకా రాలేదు. సరే ఒక కునుకు తీద్దామని దుప్పటి లాక్కుంటున్నారు. సరిగ్గా అప్పుడే బస్సు సూర్యాపేటలో ఆగింది. క్లీనర్ సీట్ల వంక ఒక చూపు చూశాడు, ఇక్కడ దిగేవాళ్లెవరైనా నిద్రపోతున్నారా అని. మీరింకా కళ్లు మూయలేదు కాబట్టి అతని లెక్కలో లేపాల్సినవాళ్లెవరూ లేరు. బస్సు కదిలింది, మీరు కళ్లు మూశారు. మీరు చూడకుండా పడుకోలేదు, అతను చూడకుండా వెళ్లలేదు. అయినా మీరు దిగేది విజయవాడలోనే.

మీరు కిటికీలోంచి చూడడానికీ, కళ్లు మూయడానికీ మధ్య ఉన్న సందులో ఇదంతా జరిగింది. దీనికి మందు ఒక్కటే: ముందు క్లీనర్‌కి చెప్పాలి, ఆ తర్వాత కిటికీలోంచి చూడాలి, ఆ తర్వాతే కళ్లు మూయాలి. చెప్పాక చూశారు కాబట్టి, చూసిన తర్వాత ఊరొస్తే అతను లేపుతాడు. చూసేసరికే ఊరొచ్చి ఉంటే మీరే దిగిపోతారు. వినడానికి తేలికైన ఈ వరసను కెర్నెల్ రాసేవాళ్లు యాభై ఏళ్లుగా తప్పుతూనే ఉన్నారు. అందులో నేనూ ఉన్నాను, ఆ కథ చివర్లో చెప్తాను.

కెర్నెల్ లోపల వేకప్ అనేదానికి జ్ఞాపకశక్తి లేదు. ఎవరైనా నిద్రపోతుంటే లేపుతుంది, ఎవరూ లేకపోతే ఊరుకుంటుంది. 'ఇందాక ఒకసారి లేపాను' అని ఎక్కడా రాసిపెట్టదు. డచ్ కంప్యూటర్ శాస్త్రవేత్త డైక్‌స్ట్రా 1960ల్లో ఇచ్చిన సెమఫోర్ అలా కాదు, అది లెక్క దాచుకుంటుంది. ముందే వచ్చిన పిలుపు తర్వాత వచ్చినవాడికి పనికొస్తుంది. మరి అంతటా సెమఫోర్లే వాడొచ్చుగా అంటే, కెర్నెల్‌లో ఎదురుచూసే విషయాలు అంకెలో ఇమిడేవి కావు. 'బఫర్‌లో డేటా ఉందా, లేదా కనెక్షన్ తెగిందా, లేదా టైమ్ అయిపోయిందా' అనేది ఒక షరతు. ఆ షరతే జ్ఞాపకం. వేకప్ పని కేవలం 'మళ్లీ ఒకసారి చూసుకో' అని భుజం తట్టడం. అందుకే లేచిన ప్రతివాడూ షరతును మళ్లీ చూడాలి. ఒక్కసారి చూసే ఇఫ్ కాదు, మళ్లీ మళ్లీ చూసే వైల్ రాయాలి. లేపిన క్షణానికీ మీరు నిజంగా సీపీయూ ఎక్కిన క్షణానికీ మధ్య ఇంకొకడు ఆ డేటాను ఎత్తుకుపోయి ఉండొచ్చు.

మొదట్లో ఈ సందును మూయడం సులువుగానే ఉండేది. 1975 నాటి యూనిక్స్ ఆరో ఎడిషన్‌లో స్లీప్ ఫంక్షన్‌కి ఒక చానల్, ఒక ప్రయారిటీ ఇస్తారు. చానల్ అంటే పెద్ద వస్తువేమీ కాదు, ఏదో ఒక మెమరీ అడ్రసు. వేకప్‌కి అదే అడ్రసు ఇస్తే, ప్రాసెస్ టేబుల్ మొత్తం తిరిగి ఆ అడ్రసు మీద పడుకున్నవాళ్లందర్నీ లేపుతుంది. డిస్క్ నుంచి బ్లాక్ వచ్చేదాకా ఆగే కోడ్ అయితే ముందు ఇంటరప్ట్‌లు (పరికరాలు ప్రాసెసర్‌ని పిలిచే పిలుపులు) ఆపి, బఫర్‌లో 'అయిపోయింది' అనే ఫ్లాగ్ చూసి, లేకపోతే స్లీప్ పిలుస్తుంది. అప్పట్లో అది నడిచిన పీడీపీ-11 మెషీన్‌లో ఉన్నది ఒక్కటే ప్రాసెసర్. ఇంటరప్ట్ రాకపోతే డిస్క్ డ్రైవర్ నడవదు, అది నడవకపోతే ఫ్లాగ్ మారదు. అంతటితో సందు మూసుకుపోయింది. స్లీప్ లోపల కూడా ఒక చక్కని జాగ్రత్త ఉంది: 'నేను నిద్రలో ఉన్నాను' అని రాసుకున్న తర్వాతే ఇంటరప్ట్‌లు తెరిచి, అప్పుడు వేరే ప్రాసెస్‌కి మారుతుంది. మారేలోపే ఇంటరప్ట్ వచ్చినా నష్టం లేదు, ఎందుకంటే పేరు అప్పటికే పట్టీలో ఉంది.

రెండో ప్రాసెసర్ రాగానే ఈ భరోసా పోయింది. నా సీపీయూ మీద ఇంటరప్ట్‌లు ఆపితే పక్క సీపీయూకి వచ్చిన ఇబ్బందేమీ లేదు. అది ఎంచక్కా ఫ్లాగ్ మార్చేసి, ఎవరైనా పడుకున్నారా అని చూసి, ఎవరూ లేరని వెళ్లిపోతుంది:

మొదటి సీపీయూ: ఫ్లాగ్ చూసింది, సున్నా.
రెండో సీపీయూ: ఫ్లాగ్‌ని ఒకటి చేసింది.
రెండో సీపీయూ: వేకప్ పిలిచింది, క్యూ ఖాళీ, వెనక్కి వచ్చేసింది.
మొదటి సీపీయూ: నిద్రలోకి వెళ్లింది.

ఇక ఇంకో డేటా వస్తే తప్ప లేవదు. చాలాసార్లు ఆ ఇంకో డేటా వస్తుంది, లేస్తుంది, 'ఏదో కాస్త స్లో అయింది' అనుకుని మనం వదిలేస్తాం. ఈ బగ్‌లో నాకు అన్నిటికంటే చిరాకు పుట్టించేది ఇదే. పది తప్పుల్లో తొమ్మిదింటిని తర్వాత వచ్చే ట్రాఫిక్ కప్పేస్తుంది.

సరే, ఫ్లాగ్‌కి ఒకసారికి ఒక్కడే పట్టుకోగలిగే లాక్ వేద్దాం. లాక్ పట్టుకుని ఫ్లాగ్ చూశాను, సున్నా ఉంది, పడుకోవాలి. లాక్ పట్టుకునే పడుకుంటే నన్ను లేపాల్సినవాడు అదే లాక్ కోసం బయట నిలబడతాడు, ఇద్దరం అక్కడే. లాక్ వదిలేసి పడుకుంటే ఆ వదలడానికీ పడుకోవడానికీ మధ్య పాత సందు మళ్లీ తెరుచుకుంటుంది. అందుకే స్లీప్‌కే లాక్‌ని కూడా అప్పగించి 'నువ్వే వదిలి, నువ్వే నన్ను పడుకోబెట్టు, రెండూ కలిపి' అంటాం. థ్రెడ్ల ప్రమాణమైన పీథ్రెడ్స్‌లో కండిషన్ వేరియబుల్ వెయిట్‌కి మ్యూటెక్స్, అంటే లాక్, ఎందుకు ఇవ్వాలో ఇంటర్వ్యూల్లో అడిగితే చాలామంది బిక్కమొహం వేస్తారు. కారణం ఇంతే.

'రెండూ కలిపి' ఎలాగో ఎంఐటీలో పాఠం చెప్పడానికి రాసుకున్న ఎక్స్‌వి6 కెర్నెల్‌లో చూస్తే కళ్లకు కట్టినట్టుంటుంది. ప్రతి ప్రాసెస్‌కీ సొంత లాక్ ఒకటి ఉంటుంది. స్లీప్ ముందు ప్రాసెస్ లాక్ పట్టుకుంటుంది, ఆ తర్వాతే మీరిచ్చిన షరతు లాక్ వదులుతుంది. లేపేవాడికి మాత్రం రెండు లాకులూ కావాలి: షరతు మార్చడానికి మొదటిది, మిమ్మల్ని లేపడానికి రెండోది. షరతు చూసినప్పటినుంచి నిద్రలోకి జారేదాకా ఈ రెంటిలో ఒకటి ఎప్పుడూ మీ చేతిలోనే ఉంటుంది కాబట్టి అతను మధ్యలో దూరలేడు. చెరువు దాటుతూ కొత్త రాయి మీద కాలు ఆనాకే పాత రాయి మీద కాలు తీసినట్టు.

లినక్స్ దారి కొంచెం వేరు. చూసేవాళ్లకు మొదట తలకిందులుగా అనిపిస్తుంది. థ్రెడ్ ఇంకా మేలుకునే ఉంటుంది, కోడ్ నడుస్తూనే ఉంటుంది, అయినా వెయిట్ క్యూలో పేరు రాసుకుని తన స్టేట్‌ని 'నిద్రలో ఉన్నాను' అని మార్చేసుకుంటుంది. ఆ తర్వాతే షరతు చూస్తుంది. షరతు నెరవేరి ఉంటే స్టేట్ మళ్లీ 'నడుస్తున్నాను' అని మార్చుకుని వెళ్లిపోతుంది. లేకపోతే, తర్వాత ఎవరు నడవాలో తేల్చే షెడ్యూలర్‌ని షెడ్యూల్ ఫంక్షన్‌తో పిలుస్తుంది. ఈ మధ్యలో ఎవరైనా లేపితే ఏమవుతుంది? లేపేవాడు కూడా చేసేది స్టేట్‌ని 'నడుస్తున్నాను' అని తిరిగి రాయడమే. షెడ్యూలర్ దగ్గరికి వెళ్లేసరికి స్టేట్ అలా ఉంటే, అది థ్రెడ్‌ని రన్ క్యూలోంచి, అంటే నడవాల్సినవాళ్ల వరసలోంచి, తీయదు. అంటే నిద్ర అనేది ఒక్క దెబ్బతో జరిగే పని కాదు. ముందు కోరిక రాసిపెట్టడం, షెడ్యూలర్ దాన్ని మన్నించడం అని రెండు మెట్లు. మధ్యలో ఎవరైనా ఆ కోరికను కొట్టేయవచ్చు. మీరు వాడే వెయిట్_ఈవెంట్ మాక్రోలో ఉన్నది ఈ వరసే, ఒక లూప్‌లో చుట్టి.

ఇంత మంచి పద్ధతి ఉండగా స్లీప్_ఆన్ అనే పాత ఫంక్షన్లు లినక్స్‌లో ఏళ్ల తరబడి బతికాయి. వాటికి షరతుతో పనే లేదు, పిలిస్తే పడుకుంటాయి. షరతు మీరే బయట చూసుకుని రావాలి. అంటే సందు వాటి పుట్టుకలోనే ఉంది. అవి పనిచేసినట్టు కనిపించడానికి కారణం కెర్నెల్ మొత్తానికీ ఉన్న ఒకే పెద్ద తాళం, బిగ్ కెర్నెల్ లాక్. దాన్ని పట్టుకుని పడుకుంటే షెడ్యూలరే వదిలేసేది, లేచాక మళ్లీ పట్టుకునేది. లేపేవాడు కూడా అదే లాక్‌లో ఉంటే ఎక్స్‌వి6 లాంటి రక్షణ అనుకోకుండానే దొరికేది. 2011లో 2.6.39 కెర్నెల్‌తో ఆ లాక్ పూర్తిగా పోయింది. 2014లో 3.15 వచ్చేసరికి స్లీప్_ఆన్ కుటుంబాన్నీ సాగనంపారు.

ఇక్కడ ఇంకో మెలిక ఉంది. 'నిద్రలో ఉన్నాను' అని రాసి, షెడ్యూలర్‌లోకి వెళ్లి, రిజిస్టర్లు, అంటే ప్రాసెసర్ లోపలి విలువలు, దాచుకుంటూ ఉన్న థ్రెడ్‌ని పక్క సీపీయూ లేపి, వెంటనే తన మీద నడపడం మొదలుపెడితే? ఒకే కెర్నెల్ స్టాక్ (ఫంక్షన్లు తమ విలువలు పెట్టుకునే మెమరీ) మీద రెండు సీపీయూలు నిలబడతాయి. ఆ తర్వాత జరిగేదాన్ని డీబగ్ చేయడం పగవాడికి కూడా వద్దు. ఎక్స్‌వి6 ఇందుకోసమే ప్రాసెస్ లాక్‌ని కాంటెక్స్ట్ స్విచ్ (ఒక ప్రాసెస్ నుంచి ఇంకోదానికి మారడం) దాటేదాకా వదలదు. లినక్స్‌లో ప్రతి థ్రెడ్‌కీ 'ఇంకా ఒక సీపీయూ మీద ఉంది' అని చెప్పే ఆన్_సీపీయూ గుర్తు ఉంటుంది. లేపేవాడు థ్రెడ్‌ని వేరే సీపీయూకి పంపేముందు అది చెరిగేదాకా ఆగుతాడు.

ఇంతవరకూ చెప్పింది లాకుల సంగతి, కాగితం మీద గీసుకుంటే అర్థమైపోతుంది. అసలు తలనొప్పి ప్రాసెసర్లతో. వరస మళ్లీ చూడండి. పడుకునేవాడు 'నిద్రలో ఉన్నాను' అని రాసి, షరతు చదువుతాడు. లేపేవాడు షరతు రాసి, 'ఎవరైనా నిద్రలో ఉన్నారా' అని చదువుతాడు. ఇద్దరూ రాసిన తర్వాతే చదువుతున్నారు కాబట్టి ఇద్దరిలో ఒక్కడికైనా అవతలివాడు రాసింది కనపడి తీరాలి. తర్కం ప్రకారం అంతే. కానీ ఆధునిక ప్రాసెసర్‌లో రాసింది తిన్నగా మెమరీకి వెళ్లదు, ముందు ఆ కోర్ సొంత స్టోర్ బఫర్‌లో కూర్చుంటుంది. అది బయటికి పోయేలోపే తర్వాతి చదవడం పూర్తయిపోవచ్చు. మీరు క్లీనర్‌కి చీటీ రాశారు, కానీ అది ఇంకా మీ జేబులోనే ఉంది. కిటికీలోంచి చూడడం మాత్రం అయిపోయింది. ఇద్దరూ రాస్తారు, ఇద్దరికీ అవతలివాడి పాత విలువే కనపడుతుంది. క్రమం విషయంలో పద్ధతైనదని పేరున్న ఇంటెల్, ఏఎండీల ఎక్స్86 ప్రాసెసర్ కూడా ఈ ఒక్క తారుమారును అనుమతిస్తుంది. ఫోన్లలో ఉండే ఆర్మ్ ప్రాసెసర్ అయితే ఇంకా స్వేచ్ఛగా ఉంటుంది.

అందుకే రెండు వైపులా పూర్తి మెమరీ బ్యారియర్ కావాలి. 'రాసింది అందరికీ కనపడేదాకా తర్వాతిది చదవకు' అని దాని అర్థం. ఒకవైపే ఉంటే పని జరగదు. లినక్స్‌లో పడుకునేవైపు బ్యారియర్ స్టేట్ మార్చే ఫంక్షన్‌లోనే దాగి ఉంటుంది, లేపేవైపుది వేకప్ లోపల ఉంటుంది. కాబట్టి మామూలుగా వాడితే దీని గురించి తెలియకుండానే జీవితం గడిచిపోతుంది. గొడవంతా తెలివి ఎక్కువైనప్పుడే. 'క్యూ ఖాళీగా ఉంటే వేకప్ పిలవడం దేనికి, లాక్ ఖర్చు దండగ' అని ముందు ఒక చూపు చూసి తప్పించుకునే కోడ్ రాస్తాం. ఆ చూపుకు ముందు బ్యారియర్ పెట్టడం మర్చిపోతాం.

సరిగ్గా ఇలాంటిదే ఫ్యూటెక్స్‌కి జరిగింది. యూజర్ ప్రోగ్రాముల లాకుల కింద ఉండే పునాది రాయి ఇది, 2.6 కెర్నెల్‌తో అందరి చేతికీ వచ్చింది. దాని ఆలోచన అందంగా ఉంటుంది. లాక్ విలువ యూజర్ మెమరీలోనే ఉంటుంది, పోటీ లేనంతసేపు కెర్నెల్‌తో పని లేదు. పడుకోవాల్సి వస్తే 'ఈ అడ్రసులో ఇంకా నేను చూసిన విలువే ఉంటే నన్ను పడుకోబెట్టు' అని కెర్నెల్‌కి చెప్తారు. కెర్నెల్ తన లాక్ పట్టుకుని ఆ విలువ మళ్లీ చూసి, మారి ఉంటే వెనక్కి పంపేస్తుంది. చెప్పి, చూసి, పడుకో అన్న వరసే ఇక్కడ యూజర్ ప్రోగ్రామ్‌కీ కెర్నెల్‌కీ మధ్య ఉన్న గీత దాటింది.

2014లో 3.14 కెర్నెల్‌లో ఒక మెరుగు చేశారు: ఎదురుచూసేవాళ్లు లేకపోతే లేపేవాడు ఆ లాక్ జోలికి పోనక్కర్లేదు, ఒక లెక్క చూసి వెళ్లిపోవచ్చు. లెక్క చూసేముందు బ్యారియర్ కావాలని వాళ్లకు తెలుసు. అంతకుముందే పిలిచే ఒక చిన్న ఫంక్షన్‌లో అది ఎలాగూ వస్తుందని కామెంట్ కూడా రాశారు. ఆ ఫంక్షన్‌లో ఫ్యూటెక్స్ రకాన్ని బట్టి దారి ఎంచే స్విచ్ స్టేట్‌మెంట్ ఒకటి ఉంది. ఫైల్‌కి కట్టిన ఫ్యూటెక్స్ అయితే ఒక దారి, ప్రాసెస్‌ల మధ్య పంచుకునేదైతే ఇంకో దారి. రెండింట్లోనూ అటామిక్ పని, అంటే మధ్యలో ఎవరూ దూరలేని పని, ఉంది కాబట్టి బ్యారియర్ వచ్చేది. ఒకే ప్రాసెస్ థ్రెడ్ల మధ్య వాడే ప్రైవేట్ ఫ్యూటెక్స్, అంటే అందరూ రోజూ వాడేది, స్విచ్‌లో ఏ దారిలోకీ పోకుండా ఊరికే బయటికొచ్చేది. ఆండ్రాయిడ్ మ్యూటెక్స్‌లు 64 బిట్ ఆర్మ్ మీద బిగుసుకుపోవడంతో ఇది బయటపడింది. అదే ఏడాది అక్టోబరులో స్విచ్‌కి డిఫాల్ట్ దారి పెట్టి అందులో ఒక బ్యారియర్ వేశారు. కానీ మొదటి మార్పు అప్పటికే కొన్ని కంపెనీ సర్వర్ల పాత కెర్నెల్స్‌లోకి కూడా ఎక్కింది. 2015లో ఇంటెల్ హాస్వెల్ మెషీన్ల మీద జావా సర్వర్లు నడిపేవాళ్లలో ఇదే పెద్ద చర్చ అయింది.

స్ట్రేస్ తగిలిస్తే లేవడం వెనక మంత్రమేమీ లేదు. తగిలించినప్పుడు థ్రెడ్‌ని ఒకసారి ఆపుతారు. అందుకోసం అది నిద్రలోంచి బయటికి రావాలి. తిరిగి వదిలినప్పుడు అదే సిస్టమ్ కాల్ మొదటినుంచి మొదలవుతుంది. విలువ మళ్లీ చూస్తుంది, ఎప్పుడో మారిపోయింది, వెళ్లిపోతుంది.

లేపేవైపు ఇంకో ప్రమాదం ఉంది, దాన్ని తక్కువమంది పట్టించుకుంటారు. ఎదురుచూసేవాడు తన వెయిట్ వస్తువును సొంత స్టాక్ మీదే పెట్టుకున్నాడు అనుకోండి. లేపేవాడు గుర్తు మార్చాడు. వెంటనే అవతలివాడు చూసి, పని అయిపోయిందని ఫంక్షన్‌లోంచి వెళ్లిపోయాడు, స్టాక్ వేరే పనికి పోయింది. లేపేవాడు మాత్రం ఇంకా ఆ వస్తువు లాక్ వదిలే పనిలోనే ఉన్నాడు. అద్దెకున్నవాళ్లు ఖాళీ చేసి వెళ్లాక కొత్తవాళ్ల ఇంట్లో దూరి పాత తాళం వెతికినట్టు. లినక్స్ పాత సెమఫోర్లతో ఇదే జరిగేది, అందుకే 2.4.7 కెర్నెల్‌లో కంప్లీషన్ అనే విడి పద్ధతి తెచ్చారు. అందులో 'అయిపోయింది' అని రాయడం, లేపడం రెండూ ఒకే లాక్ కింద జరుగుతాయి. ఎదురుచూసేవాడు ఆ లాక్ పట్టుకుని చూశాకే వెళ్తాడు.

1991లోనే బెల్ ల్యాబ్స్‌లో ప్లాన్ 9 వాళ్లు, అంటే రాబ్ పైక్, కెన్ థాంప్సన్ లాంటివాళ్లు, బహుళ ప్రాసెసర్ల మీద నిద్ర, మేలుకొలుపు కోడ్‌ని జరగగల వరసలన్నీ వెతికి చూసే గెరార్డ్ హోల్జ్‌మాన్ మోడల్ చెకర్‌తో సరిచూసుకున్నారు. యూనిక్స్ రాసిన చేతులకే తమ మీద నమ్మకం చాల్లేదన్నమాట. వాళ్ల స్లీప్‌కి షరతును ఒక ఫంక్షన్‌గా ఇవ్వాలి, ఎప్పుడు చూడాలో కెర్నెలే నిర్ణయిస్తుంది. నా దృష్టిలో ఈ మొత్తం చరిత్రలో అతి తెలివైన నిర్ణయం ఇదే: వరస తప్పే అవకాశం డ్రైవర్ రాసేవాడి చేతిలో పెట్టకపోవడం.

ఆ అవకాశం నా చేతిలో ఉన్నప్పుడు నేను తప్పాను. ఒక చిన్న బోర్డుకి సీరియల్ డ్రైవర్ రాశాను. వెయిట్_ఈవెంట్ వాడకుండా, మధ్యలో ఇంకో పని చేయాలని చేత్తోనే లూప్ రాసుకున్నాను. బఫర్ చూసే లైను పైన, స్టేట్ మార్చే లైను కింద. వారానికోసారి ఎక్కడో ఒక బోర్డు బిగుసుకునేది. లాగ్‌లో లైను రాసే ప్రింట్‌కె పెడితే పోయేది. తీస్తే వచ్చేది. కెర్నెల్ హ్యాంగ్ డిటెక్టర్ కూడా నోరెత్తలేదు. 120 సెకన్లు దాటిన వాటి గురించి అది ఫిర్యాదు చేసేది డీ స్టేట్‌లో, అంటే సిగ్నల్‌కి కూడా లేవని నిద్రలో ఉన్నవాటి మీదే. నాది ఎస్ స్టేట్‌లో ఉంది. ప్రాసెస్‌లను చూపించే పీఎస్ కమాండ్ పట్టీలో పక్కన హాయిగా పనిలేక పడుకున్న వంద ప్రాసెస్‌ల మధ్య నా అనాథ కూడా అదే ఎస్ అక్షరంతో కనపడింది.

చివరికి ఒక సీనియర్ చెప్పిన చిట్కా పనిచేసింది. బగ్ కోసం ఎదురుచూడొద్దు, సందును పెద్దది చెయ్యి అన్నారాయన. బఫర్ చూసే లైనుకీ స్టేట్ మార్చే లైనుకీ మధ్య కావాలనే కొన్ని మిల్లీసెకన్ల డిలే పెట్టాను. వారానికోసారి వచ్చేది టీ తాగి వచ్చేలోపే వచ్చింది, మళ్లీ నడిపితే మళ్లీ వచ్చింది. స్టేట్ మార్చే లైనును పైకి జరిపి, డిలే అలాగే ఉంచి, రాత్రంతా నడిపాను. పొద్దున వచ్చి చూస్తే బోర్డు లైటు ఇంకా కొట్టుకుంటోంది.